గేటు తెరిచే వేళలు

మా ఊరి పాత బంగారు గని షాఫ్ట్ ఎదుట ఉన్న నాలుగు నిద్రగన్నేరు చెట్లను కొట్టేసిన రోజు మా స్కూల్లో ఏడో తరగతి పరీక్ష జరుగుతోంది. పొద్దుటి నుంచీ రంపం చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిల్లలు తలెత్తి నా వైపు చూస్తే, రాసుకోండి అన్నాను. సాయంత్రం వెళ్లేసరికి అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. మా తమ్ముడు శశికుమార్ ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. బెంగుళూరు దారిలోని నరసాపురం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి దిగినవాడు, ఇంటికి పోకుండా, నిద్రపోకుండా, చివరి కొమ్మ లారీ ఎక్కేదాకా అక్కడే ఉన్నాడట.

"ఈడ ఇంత ఎండ ఉంటాదని తెలియనే తెలియదు గదక్కా," అన్నాడు.

ఏడాదిన్నర తర్వాత వాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇప్పటికి అయిదు నెలలు.

వాడు పోయిన రోజు గురించి మాకు తెలిసింది కొంచెమే. ఆ పొద్దున కంపెనీ బస్సు వాణ్ణి ఎనిమిదిన్నరకు రాబర్ట్‌సన్‌పేటలో దింపింది. వాడు ఇంటికి రాలేదు. మధ్యాహ్నం కబురు వచ్చేదాకా ఎక్కడ ఉన్నాడో ఎవరూ చూడలేదన్నారు. ముందురోజు డ్యూటీకి బయల్దేరేటప్పుడు వాడి భార్య మునిలక్ష్మి, "పాప నీ మొగం చూసి ఎన్ని దినాలైందో తెలుసునా? నువ్వు ఇంట్లో ఉండేదీ లేనిదీ ఒకటే," అంది. ఆ మాటను బంధువులు పట్టుకున్నారు. దానికే మనసు విరిగి ఇంటికి రాలేదన్నారు. నంగలి దగ్గర పట్టుపురుగులు పెంచుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్ల. ఎదురు చెప్పడం తెలియదు. నలుగురూ అనగా అనగా తానూ అదే నమ్మింది.

పోయిన వారం కౌన్సిలర్ మునీంద్ర మా ఇంటికి వచ్చాడు. చెట్లు కొట్టిన చోట కట్టిన పార్కు వాడుకలోకి వచ్చి చాలా నెలలైనా పెద్దల రాక కుదరక ప్రారంభం ఆగిందని, ఈ ఆదివారం ఆ పని కానిచ్చి దానికి శశి పేరు పెడతామని, ఒప్పుకోమని అడిగి వెళ్లాడు. శనివారం ఒంటిపూట బడి వదిలాక, జవాబు చెప్పడానికి నేను అక్కడికి బయల్దేరాను.

ఆ స్థలం గురించి ఒక మాట చెప్పాలి. గనులు నడిచే రోజుల్లో లోపల బండ పగిలితే పైన ఇళ్లు కదిలేవి. గిన్నెలు కింద పడగానే ఆడవాళ్లు పొయ్యి మీదున్నది అలాగే వదిలి ఆ చెట్ల కిందికి పరిగెత్తేవారు. గనిలోంచి మనుషుల్ని ఎత్తే బోను పైకి వచ్చి, దిగినవాళ్ల ముఖాలు కనిపించేదాకా అక్కడే కాచుకునేవారు. మా నాన్న పోయిన రోజు మా అమ్మ శశిని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. ఆ చెట్ల కింద ఒక కట్టుబాటు ఉండేది. కూర్చున్నవాళ్లను ఏమి, ఎందుకు అని అడగకూడదు. పక్కన కూర్చోవచ్చు. వాళ్లే మాట్లాడితే వినవచ్చు. అడిగితే వచ్చే జవాబంటే అందరికీ భయం కాబట్టి, అడగకపోవడమే మర్యాద అయింది.

గనులు మూతపడ్డాయి. కట్టుబాటు మాత్రం మిగిలింది. పరీక్ష తప్పినవాళ్లు, సంబంధం చెడినవాళ్లు, బెంగుళూరు రైలు ఎక్కబోయి ఆగిపోయినవాళ్లు ఆ చెట్ల కిందికే వచ్చేవారు. రాత్రి షిఫ్టు దిగిన శశి రోజూ కొంతసేపు అక్కడ మాను కానుకుని కూర్చుని, అప్పుడు ఇంటికి వెళ్లేవాడు. "చెవుల్లో మిషను చప్పుడు దిగనీ అక్కా, ఆమీద పాపను ఎత్తుకుంటా," అనేవాడు. గని కార్మికుల లైన్లలో వాళ్ల ఇల్లు ఒకటే గది.

ఇప్పుడు అక్కడ తలకు మించిన గోడ ఉంది. ఇనుప గేటు ఉంది. లోపల పచ్చిక, అటూ ఇటూ కుండీల్లో నీడ ఇవ్వని పామ్ మొక్కలు, రెండు సిమెంటు జింకలు, ఫోటో దిగడానికి గుండె ఆకారంలో ఒక రేకు చట్రం. బెంచీలన్నీ ఒక్కరు కూర్చునేవి. పడుకోకుండా రెండు వైపులా ఇనుప కమ్మీలు. బంగారం తీసేయగా మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీది నుంచి వచ్చిన తెల్లటి దుమ్ము వాటి మీద పేరుకుని ఉంది. ఎవరూ కూర్చోలేదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

షామియానా వేయిస్తున్న మునీంద్ర నన్ను చూసి ఎదురు వచ్చాడు.

"రండి మిస్. అప్పా, మిస్‌కు కుర్చీ తెండి. నేను మాత్రం నిలబడే ఉంటా. మిస్ ముందర కూర్చోను ఇప్పటికీ భయమే నాకు. ఎక్కం రాలేదని ఎండలో నిలబెట్టినారు."

"ఏడో ఎక్కం," అన్నాను. "ఇప్పుడైనా వచ్చిందా?"

"వచ్చుంటే లెక్కల మాస్టరు అయ్యుందును మిస్. రాలేదు, కౌన్సిలర్ అయినాను."

షామియానా కుర్రవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి ఉండేదాన్ని, గేటు పక్కన గోడకు వేసిన పసుపు గుడ్డను చూడకపోతే. గాలికి గుడ్డ కొంచెం తొలగింది. కింద నల్లరాతి మీద శశి పేరు అప్పటికే చెక్కి ఉంది.

"మమ్మల్ని అడగడానికి పోయిన వారం వచ్చినావు. రాయి ఎప్పుడు చెక్కించినావు మునీంద్రా?"

"అది... చెక్కేవాళ్లు దొరకరు మిస్, ముందే చెప్పాల. మంచి పనే గదా. కంపెనీవాళ్లు డబ్బిచ్చింది కార్మికుల మానసిక ఆరోగ్యం అనే పద్దు కింద. అందుకని ఒక కార్మికుడి పేరుంటే..."

"చచ్చిపోయిన కార్మికుడి పేరు."

"అట్లంటే ఎట్ల మిస్."

కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించడం ఈ వృత్తిలో నేర్చుకున్నాను. పిల్లలకు అది తెలుసు. మునీంద్రకు కూడా గుర్తుకొచ్చినట్టుంది, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మానసిక ఆరోగ్యం అన్నావే, మనసు బాగాలేని మనిషి వచ్చి ఈడ ఏం చేయాల? నాకు చూపించు. నీడ యాడ ఉండాది? ఎండలో పామ్ మొక్కను చూస్తా నిలబడాల్నా? పక్కన ఇంకొకరు కూర్చోను లేదు. ఒకే గేటు. లోపల ఎవరుండారో తెలియకుండా భయపడే ఆడపిల్ల ఈ గోడ దాటి వస్తాదా? జింకను కావలించుకోవాల్నా?"

టేపు పట్టుకుని దూరంగా నిలబడిన ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. పార్కు నమూనా గీసిన చంద్రిక. బెంగుళూరులో పని చేస్తుంది, వాళ్ల అమ్మది ముళబాగిలు.

"మేడమ్, నేను గీసింది ఇది కాదు," అంది. "నా నమూనాలో గోడ లేదు. మూడు దిక్కుల నుంచి కాలిదారులు. కూర్చున్నవాళ్లకు వెళ్లే దారి ఎప్పుడూ కనపడుతుండాలి, లేకపోతే మనసు సర్దుకోదు. నాలుగు చెట్లూ అట్లే ఉంచినాను. ఇద్దరు కూర్చునే గట్లు, ఎదురెదురుగా కాకుండా కొంచెం ఓరగా. మాట్లాడాలనుకుంటే మాట్లాడొచ్చు, లేకపోతే ఊరికే ఉండొచ్చు. దిబ్బల దుమ్ము రాకుండా ఆ వైపు మూడు వరసల చెట్లు. పగలూ రాత్రీ తెరిచి ఉండాలని రాసిచ్చినాను."

"రాసిచ్చి?"

"మార్చినారు మేడమ్."

"మారుస్తుంటే మీరేం చేసినారు?"

ఆ అమ్మాయి టేపును చుట్టుకుంటూ, "ఉద్యోగం మేడమ్," అంది.

"మా తమ్ముడిది కూడా ఉద్యోగమేనమ్మా."

అన్న తర్వాత ఆమె ముఖం చూశాను. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

మునీంద్రకు ధైర్యం వచ్చింది. "కొమ్మ విరిగి ఎవరి మీదన్నా పడితే జవాబు చెప్పేది నేను. చెట్లు కొట్టించింది నేనే, ఒప్పుకుంటా. గోడ, గేటు, టైము మాత్రం నా నెత్తిన వేయొద్దండి మిస్. మీ లైన్ల పెద్దలే అడిగినారు. తాగుబోతులు చేరతా ఉండారు, గేటు పెట్టు, బీగం మా చేతికి ఇయ్యి అని నెలంతా నా వెనక తిరిగినారు. టైము రాయించింది మీ చిన్నాయనే. అదో వస్తా ఉండాడు, అడగండి."

గేటు మీద ఎర్ర రంగుతో వేళలు రాసి ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. రాత్రి పది నుంచి పదకొండు.

"నాకు ఇది అర్థమే కాలేదు మేడమ్," అంది చంద్రిక. "రాత్రి పదింటికి పార్కు తెరిచే ఊరు నేను యాడా చూడలేదు."

నాకు అర్థమైంది. ఆరు, రెండు, పది. గనిలో షిఫ్టులు మారిన వేళలు. మేము సంగు అని పిలిచే సైరన్ ఊదిన వేళలు. అది ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆగిన సంగును పట్టుకుని మా పెద్దవాళ్లు ఈ గేటుకు తాళం వేస్తున్నారు.

చిన్నాయన నంజుండప్ప గనిలో కూలీల మీద సర్దారుగా చేశాడు. మా నాన్న పోయాక మమ్మల్ని పెంచింది ఆయనే. శశికి మొదటి సైకిలు కొనిచ్చింది ఆయనే. మొలతాడుకు గేటు తాళంచెవి కట్టుకుని, గనిలో తనతో పనిచేసి ఇప్పుడు పక్కన దగ్గుతూ వచ్చే ఆంజనప్పతో కలిసి నెమ్మదిగా వచ్చాడు.

"ఎండన బడి వచ్చినావే పుష్పా. నీళ్లు తాగినావా?"

"ఈ టైములు నువ్వే రాయించినావా చిన్నాయనా?"

"నేనే. ఏం, తప్పేముండాది? షిఫ్టు దిగినోడు వచ్చి కూర్చోవాల. ఎక్కేవోడు కూర్చోని పోవాల. మన తాతల నుంచీ అంతే గదా."

"ఏ షిఫ్టు?"

ఆంజనప్ప దగ్గు ఆపుకుని, "సంగు ఒకటే తక్కువమ్మా మాకు. అదీ మీ చిన్నాయన నోటితోనే ఊదేస్తాడులే," అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"లైన్లలో ఇప్పుడు షిఫ్టు చేసేవాళ్లంతా నరసాపురం పోతా ఉండారు చిన్నాయనా. రాత్రి చేసినవాళ్ల బస్సు ఎనిమిదిన్నరకు వస్తాది. ఎనిమిదికి నువ్వు తాళం వేస్తావు. ఇది ఎవరికోసం తెరిచినట్టు?"

"బస్సు ఎనిమిదిన్నరకని తెలుసు," అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

మామూలుగానే అడిగాను. ఆయన బస్సు ఎక్కి ఎరగడు. ఆ పక్క రోడ్డుకు పోనే పోడు. అడిగిన తర్వాత ఆయన చేయి మొలతాడు మీదికి వెళ్లి తాళంచెవిని పట్టుకుంది.

"చిన్నాయనా. ఎట్ల తెలుసు?"

"ఆ పొద్దున వచ్చినాడమ్మా."

షామియానా కుర్రవాళ్లు గుంజ పాతుతున్నారు. మునీంద్ర చేయెత్తి వాళ్లను ఆపాడు.

"ఆరోజు తాళమేసి, గేటు కడిగిస్తా ఉండినాను. బస్సు దిగి నేరుగా ఈడికే వచ్చినాడు. చిన్నాయనా, తెరువు, కొంచేపు కూర్చోని పోతా అన్నాడు. కండ్లు ఎర్రగా ఉండాయి. అడుగు తడబడతా ఉండాది. తాగినాడనుకున్నాను."

"వాడు తాగడు."

"తాగడు. నా చేతిలో పెరిగినోడు, నాకు తెలియదా. ఆ పొద్దున ఎందుకో అట్ల తోచింది."

"ఏమన్నావు వాణ్ణి?"

"ఏందిరా, ఇంటికి పోకుండా ఈడేం పని, పెండ్లాంతో కొట్లాడినావా అని అడిగినా."

"అడిగినావు," అన్నాను.

"అడిగినానమ్మా."

ఆ చోట ఆ ప్రశ్నను ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. బోను కోసం కాచుకున్న మా అమ్మను ఎవరూ అడగలేదు. కట్టుబాటు అంటూ ఊరందరికీ చెప్పే మనిషి, గోడ కట్టించి, గేటు పెట్టించి, ఆ గేటు ముందు నిలబడి నా తమ్ముణ్ణి అడిగాడు.

"ఏమన్నాడు వాడు?"

"నవ్వినాడు. కొట్లాట ఏం లేదు చిన్నాయనా, మునిలక్ష్మి చెప్పింది నిజమే, ఈ పొద్దు పాపను బడికి నేనే విడవాలనుకుంటి, ఇట్లే పోతే పాప నన్ను చూసి బెదురుకుంటాది, రవంత తేరుకోని పోతా అన్నాడు." చిన్నాయన గొంతు మామూలుగానే ఉంది. ఎన్నిసార్లు లోపల చెప్పుకున్నాడో, ఒక్క మాట తడుముకోలేదు. "టైమైపోయిందిరా, రెండు గంటలకు రా అన్నాను."

"రెండు గంటలకు."

"మనిషిని బట్టి తెరిస్తే అందరికీ తెరవాల గదా అనుకున్నా. గనిలో అట్లే గదా, బోను పోయినాక ఎవరు వచ్చినా తెరవం. వాడు సరేలే చిన్నాయనా అని గోడ బయట కూర్చున్నాడు. నేను ఇంటికి పోయినాను. రెండుకు తెరవను వస్తా ఉంటే దారిలో చెప్పినారు."

గేటు ఒక మనిషిని చంపదు. ఒక ప్రశ్న చంపదు. మునిలక్ష్మి అన్న మాట కూడా చంపలేదు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేలుకుని, పగలు రేకుల ఇంట్లో నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక నా తమ్ముడు లోలోపల ఎంత దూరం వెళ్లిపోయాడో మాకు తెలియలేదు. డాక్టరు కూడా అదే చెప్పాడు, ఏదో ఒక్క కారణం వెతకొద్దని. ఆ మాటను నేను గౌరవిస్తాను. కానీ ఈ అయిదు నెలలూ ఒక్క కారణాన్ని వెతికి, ఒక్క ఆడపిల్ల నెత్తిన పెట్టారు. ఆమె మాటకు వాడు విరిగిపోలేదని, కూతురు కోసం తేరుకుని వెళ్లాలనుకున్నాడని తెలిసిన మనిషి ఒకరు ఉన్నారు. ఆ మనిషి మా ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాడు.

"పదకొండో దినం మా ఇంట్లో ఉండినావు," అన్నాను. "నీ నోరే వాణ్ణి తినేసిందని మా మేనత్త మునిలక్ష్మిని అన్నప్పుడు నువ్వు విస్తరి ముందర కూర్చోని ఉండినావు."

"ఉండినాను."

"విన్నావు."

"విన్నాను."

"విని, అన్నం తిన్నావు."

ఆయన తల దించుకున్నాడు. "చెప్పాలనే వచ్చినానమ్మా ఆ దినం. అందరి ముందరా నాలుక లేయలేదు. ఆమీద ప్రతి దినమూ రేపు చెప్తామనుకుంటి."

ఆంజనప్ప ఆయన భుజం మీద చేయి వేశాడు. నాకు ఆ చేతి మీద కూడా కోపం వచ్చింది. మునిలక్ష్మి భుజం మీద ఇన్నాళ్లూ ఎవరూ చేయి వేయలేదు.

మునీంద్ర గొంతు సవరించుకున్నాడు. "మిస్, బాధ ఎవరికైనా ఉంటాది. ఇది మీ ఇంటి సంగతి, నేను మధ్యలో రాను. రేపటి సంగతి మాత్రం..."

"రాయి తీసేయించు."

"మిస్..."

"ఈ గోడ పడగొట్టించు. ఆమె గీసినట్టు దారులు వేయించు. చెట్లు నాటించి, అవి పెరిగేదాకా కొబ్బరాకు పందిరన్నా వేయించు. ఏ షిఫ్టు దిగినవాళ్లయినా వచ్చి కూర్చునేట్టు చెయ్యి. ఆమీద వచ్చి అడుగు, పేరు ఇస్తానో లేదో చెప్తా. వాణ్ణి బయట కూర్చోబెట్టిన గోడకు వాడి పేరు ఇయ్యను."

అతను నన్ను సూటిగా చూశాడు. ఎక్కం రాని పిల్లవాడి చూపు కాదు అది.

"మీరు అక్క మిస్. పెండ్లాం ఒప్పుకుంటే మాకు చాలు. పొద్దున మునిలక్ష్మిని కలిసి వచ్చినా. సరే అన్నాది. గుడ్డ తీసేది కూడా ఆమే. నా వల్లే పోయినాడు అన్నా, ఆయన పేరైనా నిలబడనీ అని ఏడ్చింది పాపం. ప్రారంభం కాగానే పాపను తీసుకుని నంగలికి పోతాదంట, ఇంగ తిరిగి రాదంట. మీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు.

చంద్రిక ఏదో అనబోయింది. ఇంతలో చిన్నాయన తలెత్తి ఆకాశం వైపు చూసి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"నాలుగైంది," అన్నాడు. "అందరూ బయటికి రాండప్పా."

ఆయనకు తాను అంటున్నది తెలియలేదు. చేయి తనంతట తానే గేటు దగ్గరికి వెళ్లింది. ఆంజనప్ప "నంజుండా" అని పిలిచాడు. షామియానా కుర్రవాళ్లు గునపాలు తీసుకుని బయటికి నడిచారు. చంద్రిక మాత్రం కదలలేదు. ఒక్కరు కూర్చునే బెంచీ మీది దుమ్ము చేత్తో తుడిచి కూర్చుంది.

"వేసుకో తాతా," అంది. "నేను లోపలే ఉంటా."

వాళ్లను అలాగే వదిలి నేను శశి వాళ్ల ఇంటి దారి పట్టాను. వడిగా నడిచాను. దారిలో పలకరించినవాళ్లకు జవాబు చెప్పలేదు. మునిలక్ష్మికి చెప్పవలసిన మాటలను వరస పెట్టుకోవాలని చూశాను. పిల్లలకు కష్టమైన పాఠం చెప్పేముందు అలాగే చేస్తాను. వరస కుదరలేదు. తేరుకోని పోతా అన్నాడని ముందు చెప్పాలా, గేటు సంగతి ముందు చెప్పాలా? అది విన్నాక ఆమెకు తేలికవుతుందా, లేక ఆ గోడ బయట కూర్చున్న మనిషిని తలచుకుని మళ్లీ మొదటి నుంచీ కూలిపోతుందా? నాకు తెలియదు.

తలుపు తీసే ఉంది. గది మధ్యలో పెద్ద సంచీ, అందులో పాప బట్టలు, స్కూలు బూట్లు. మునిలక్ష్మి రెండు చీరలు చాప మీద పరిచి చూస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వచ్చినావా అక్కా. ఎండకు మొగం వాడిపోయిందే, కూర్చో." మంచినీళ్లు ఇచ్చింది. చీరల వైపు చూసి, నా కళ్లు తప్పించుకుంటూ అడిగింది. "రేపు నేను గుడ్డ తీయాలంట. ఏ చీర కట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు అక్కా?"

గ్లాసు నా చేతిలో ఉంది. బయట పాప ఎవరితోనో ఆడుతూ లెక్క పెడుతోంది. మునిలక్ష్మి జవాబు కోసం నిలబడి ఉంది.

ఆమెకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు.